స్ఫటికం ఒక్కసారిగా రంగు మారకుండా మూల నుంచి పాకుతోంది, ఎందుకు?

చలిగది_శారద
మూడు వారాలుగా ఒకే ప్రశ్న తలలో తిరుగుతోంది. నేను పనిచేస్తున్నది ఇనుము, బైట్రయజోల్, థయోసయనేట్, ఒక నీటి అణువు కలిసిన స్పిన్ క్రాసోవర్ పదార్థం మీద, అంటే వేడిని బట్టి ఇనుము లోపలి ఎలక్ట్రాన్ల అమరిక మారే పదార్థం. ఈ రంగంలో ఉన్నవారికి పాత చుట్టమే. గది వేడిలో స్ఫటికానికి రంగు ఉండదు. చల్లారుస్తూ పోతే దాదాపు 123 కెల్విన్ దగ్గర ఊదా రంగుకు మారుతుంది. తిరిగి వేడి చేస్తే 144 దాకా ఊదాగానే మొండికేసి, అప్పుడు రంగు వదులుతుంది. అయస్కాంత కొలతల్లో ఇదంతా నిట్టనిలువు మెట్టులా కనిపిస్తుంది.

మొన్న మొదటిసారి ద్రవ నైట్రోజన్‌తో చల్లబడే పీఠం మీద ఒకే ఒక స్ఫటికాన్ని పెట్టి సూక్ష్మదర్శినిలో చూశాను. పొడవు 150 మైక్రోమీటర్లు. దీపం వేసినట్టు అంతా ఒక్కసారే మారుతుందనుకున్నాను. మారలేదు. ఎడమ చేతి మూలలో చిన్న ఊదా మచ్చ పుట్టింది. దానికీ మిగిలిన తెల్లని భాగానికీ మధ్య గీత గీసినట్టు ఒక హద్దు. ఆ హద్దు నడుచుకుంటూ అవతలి చివరకు చేరడానికి అర నిమిషం పట్టింది. మధ్యలో ఒకచోట ఆగి, ఏదో గుర్తుకొచ్చినట్టు మళ్ళీ కదిలింది. ఆఖరి కొద్ది దూరం మాత్రం ఒక్క గంతు వేసింది. ఆ వెంటనే స్ఫటికం అడ్డంగా పగిలింది.

అంతా ఒకే ఉష్ణోగ్రతలో ఉన్నప్పుడు అణువులన్నీ ఒకేసారి ఎందుకు మారవు? మూలలోనే ఎందుకు మొదలైంది? ఇంత నత్తనడక ఎందుకు? మా పాఠ్యపుస్తకంలో ఈ సంగతికి ఒక పేరా, ఒక వంపుగీత తప్ప ఇంకేమీ లేదు. పైగా మేము పంపిన వ్యాసాన్ని చదివిన పరిశీలకుడు ఒకాయన "మెట్టులో గతుకులు ఉన్నాయి, కొలత సరిగ్గా చేయండి" అని తిప్పి పంపాడు. ఆ గతుకుల్లోనే అసలు కథ ఉందేమోనని నా అనుమానం.

తొందర_తిమ్మయ్య
ఇనుము తుప్పు పట్టి ఉంటుంది. రెండు నుంచి మూడుకు మారితే రంగు మారుతుంది కదా.

రసాయనం_మాస్టారు
తుప్పు కాదు తిమ్మయ్యగారూ. తుప్పు పట్టిన ఇనుము వేడి చేస్తే మళ్ళీ మామూలు కాదు, ఇది అవుతుంది. ఇనుము ఆక్సీకరణ స్థితి ముందూ రెండే, తరువాతా రెండే. మారేది లోపలి ఎలక్ట్రాన్ల అమరిక.

ఈ ఇనుములో 3డి ఎలక్ట్రాన్లు ఆరు. చుట్టూ ఉన్న ఆరు నైట్రోజన్ల ప్రభావం వల్ల అవి ఉండే ఐదు ఆర్బిటాళ్ళు (ఎలక్ట్రాన్ల గదులు) కింద మూడు, పైన రెండుగా విడిపోతాయి. మధ్య అంతరం ఎక్కువైతే ఆరుగురూ కిందే జతకడతారు. ఒంటరివాడు లేడు కనుక స్పిన్ సున్న. అంతరం తక్కువైతే ఇద్దరు పైకి పోతారు, నలుగురు ఒంటరిగా మిగులుతారు. మొదటిది అల్ప స్పిన్, రెండవది అధిక స్పిన్. అంతరం అటూ ఇటూ కాకుండా నడిమధ్య పడితే ఉష్ణోగ్రతే తీర్పరి. చలిలో అల్ప స్పిన్, వేడిలో ఎంట్రోపీ (చిందరవందర) బలం వల్ల అధిక స్పిన్. ఇనుము సమ్మేళనాల్లో ఈ విడ్డూరాన్ని 1931లోనే ఇటలీలో కాంబీ బృందం గమనించింది.

శారద ప్రశ్నకు కావలసిన ముక్క ఇది: పై ఆర్బిటాళ్ళు నేరుగా నైట్రోజన్ల వైపు చూస్తుంటాయి. అక్కడికి ఎలక్ట్రాన్లు చేరితే నైట్రోజన్లు వెనక్కి జరుగుతాయి. బంధం 2.0 ఆంగ్‌స్ట్రామ్‌ల నుంచి 2.2కు పెరుగుతుంది. అంటే అణువు లావెక్కుతుంది.

డిగ్రీ_రెండో_ఏడు
ఈ విడ్డూరం డి4 నుంచి డి7 వరకు, అంటే డి ఎలక్ట్రాన్లు నాలుగు నుంచి ఏడు ఉన్నచోట, అని రాస్తే మాకు రెండు మార్కులు. అణువు లావెక్కుతుందని ఎవరూ చెప్పలేదు.

ఊరగాయ_ప్రియుడు
వేడికి ఒళ్ళు విప్పుకోవడం, చలికి ముడుచుకోవడం. మా తాతయ్య దుప్పట్లో చేసే పనే. దీనికి ద్రవ నైట్రోజన్ ఎందుకు?

పారిస్_చలి
ఇలాంటి స్ఫటికాలను నేను నాలుగేళ్ళు చూశాను, కాబట్టి కాస్త పొడుగ్గా రాస్తాను.

మాస్టారు చెప్పిన 0.2 ఆంగ్‌స్ట్రామ్‌లే అంతటికీ మూలం. బంధంలో తేడా 10 శాతం. స్ఫటికం మొత్తానికి వచ్చేసరికి ఘనపరిమాణంలో అది కొద్ది శాతం అవుతుంది. గట్టిగా అల్లుకున్న ఘనపదార్థానికి అది చిన్న మార్పు కాదు. బంతిభోజనాల్లో జనం భుజాలు రాసుకుంటూ కూర్చున్నారనుకోండి. పైగా ప్రతివారి కండువా నాలుగు పక్కలా ఉన్నవారి కండువాలకు ముడివేసి ఉంది. అందరూ బాసిపట్టు వేసుకొని ఒళ్ళు విప్పుకొని కూర్చుంటే అధిక స్పిన్. నడుమన ఉన్న ఒక్కడు మోకాళ్ళు ముడుచుకొని చిన్నవాడైతే నాలుగు కండువాలూ బిగుస్తాయి, నలుగురూ వాడిని లాగి మళ్ళీ విప్పి కూర్చోబెడతారు. మూలన ఉన్నవాడికి ముడులు రెండే. వాడు ముడుచుకుంటే పెద్దగా ఎవరికీ ఇబ్బంది లేదు. వాడు ముడుచుకున్నాక పక్కవాడికి ఒక వైపు బిగువు అప్పుడే వచ్చేసింది కనుక వాడికీ ముడుచుకోవడం తేలిక. మొదలు మూల, నడక వరుస వెంట వరుస. శారదగారు చూసింది ఇదే.

కాబట్టి అందరికీ ఒకే ఉష్ణోగ్రత అన్నది నిజమే కానీ, అందరికీ ఒకే చోటు అన్నది నిజం కాదు.

ఊరగాయ_ప్రియుడు
మూలన కూర్చున్నవాడికి నెయ్యి అందదు. అందుకే వాడు ముందే ముడుచుకుంటాడు. ఉపమానం బాగుంది, కారణం నాది తీసుకోండి.

రసాయనం_మాస్టారు
మూల సంగతి ఒప్పుకుంటాను. నత్తనడకకు మాత్రం బిగువు అక్కరలేదు, గుప్తోష్ణం (స్థితి మారేటప్పుడు వదిలే లేదా పీల్చే వేడి) చాలు. ఫినాంత్రోలిన్, థయోసయనేట్ ఉన్న ఇనుము సమ్మేళనాన్ని సొరాయ్, సెకీ అనే జపాన్ శాస్త్రవేత్తలు 1974లో కొలిచారు. 176 కెల్విన్ దగ్గర మోలుకు 8.6 కిలోజౌళ్ళు. ఎంట్రోపీ మార్పు మోలుకు, కెల్విన్‌కు 48.8 జౌళ్ళు, అందులో స్పిన్ వాటా 13.4 మాత్రమే, మిగిలింది చాలావరకు కంపనాలది. ఇంత వేడి ఉన్నప్పుడు చల్లారే దారిలో ఏం జరుగుతుంది? ఒక వరుస మారుతుంది, వేడి వదులుతుంది, పక్క వరుస వెచ్చబడి మారడానికి వెనుకాడుతుంది. వేడి పోయేదాకా హద్దు ఆగాలి. చెరువు మీద మంచు పేరుకోవడం కూడా ఇలాగే నెమ్మదిగా జరుగుతుంది.

తొందర_తిమ్మయ్య
మాస్టారు చెప్పిందే నాకు నచ్చింది. కండువాల కథ కన్నా ఇది నయం.

లెక్కల_మనిషి
నచ్చడం కాదు, లెక్క వేద్దాం.

8.6 కిలోజౌళ్ళు మొత్తం స్ఫటికంలోనే బందీ అయితే ఉష్ణోగ్రత ఉరమరగా 20 కెల్విన్ పెరగవచ్చు. (శారద పదార్థానిది వేరే అంకె కావచ్చు, స్థాయి అదే.) వినడానికి పెద్దదే. కానీ ఆ వేడి అక్కడే కూర్చోదు. ఇలాంటి స్ఫటికాల్లో వేడి పరుచుకునే గుణకం సెకనుకు చదరపు మీటరులో కోటో వంతు స్థాయిలో ఉంటుంది. 150 మైక్రోమీటర్లు పరుచుకోవడానికి దానికి పట్టేది సెకనులో ఐదో వంతు. హద్దుకు పట్టింది ముప్పై సెకన్లు. అంటే హద్దు నడిచే వేగం సెకనుకు 5 మైక్రోమీటర్లు. ఆ నడక దగ్గర వేడి పేరుకుపోవడం 20 కెల్విన్‌లో నూటికి ఒక వంతు కూడా కాదు, 0.15 కెల్విన్ అంతే. 21 కెల్విన్ల వెడల్పున్న హిస్టరిసిస్ (123కూ 144కూ మధ్య ఉన్న ఆ తేడా) ముందు 0.15 ఎంత?

మరి బిగువే నడిపిస్తోందా అంటే, అక్కడా ఒక చిక్కు ఉంది. బిగువు ధ్వని వేగంతో ప్రయాణిస్తుంది. సెకనుకు 2 కిలోమీటర్లు అనుకున్నా ఈ స్ఫటికాన్ని దాటడానికి 75 నానోసెకన్లు చాలు. వేడి నత్త కాదు, బిగువు నత్త అసలే కాదు. ఇద్దరిలో ఎవరూ నత్త కాకపోతే నత్త ఎవరు?

ఇంకో లెక్క. ఒక వరుస అణువులు దాదాపు ఒక నానోమీటరు. సెకనుకు 5 మైక్రోమీటర్లు అంటే 5,000 వరుసలు. వరుసకు 0.2 మిల్లీసెకను. అణువు తన కంపనాల లెక్కలో చూస్తే ఇది ఒక యుగం.

డిగ్రీ_రెండో_ఏడు
ఆ 0.2 మిల్లీసెకను ఏం చేస్తుంటాయి అవి?

పారిస్_చలి
గోడ ఎక్కడానికి ప్రయత్నించి జారుతుంటాయి. లావు స్థితికీ సన్న స్థితికీ మధ్య ఒక శక్తి అవరోధం ఉంది. ఆరు బంధాలూ కలిసి సాగాలి లేదా కుంచించుకోవాలి. చలి పెరిగే కొద్దీ ఆ గోడ దాటే అవకాశం తగ్గుతుంది. హద్దు దగ్గర ఉన్న అణువుకు పక్కవారి లాగుడు వల్ల గోడ ఎత్తు కాస్త మారుతుంది, అందుకే మార్పు హద్దు దగ్గరే జరుగుతుంది. కానీ గోడ పూర్తిగా పోదు. అంటే ఎక్కడ మారాలో బిగువు చెబుతుంది, ఎంత సేపట్లో మారాలో గోడ చెబుతుంది. నా మొదటి పోస్టులో ఈ రెండవ సగం రాయలేదు, లెక్కల మనిషి పట్టుకున్నారు.

ఆఖరి గంతు సంగతి కూడా దీనితో తేలుతుంది. కొస దగ్గర మిగిలిన తెల్ల భాగం సన్నని పట్టీ అయిపోతుంది. దానికి అవతల పట్టుకునేవారు లేరు. నమూనా లెక్కల్లో కూడా హద్దు నడుమన సమవేగంతో పోయి చివర్లో ఉరుకుతుంది.

రసాయనం_మాస్టారు
లెక్కల మనిషి లెక్క స్ఫటికం లోపలికి సరిపోతుంది. స్ఫటికం నుంచి పీఠానికి వేడి పోయే దారి మాటేమిటి? అది గాలి పొర అయితే? నేను ఓడిపోయానని అప్పుడే రాసుకోకండి.

లెక్కల_మనిషి
న్యాయమైన అడ్డంకి. అది నా లెక్కలో లేదు. శారదగారూ, స్ఫటికాన్ని పీఠం మీద ఎలా నిలబెట్టారు?

చలిగది_శారద
గాజు పలక మీద వాక్యూమ్ గ్రీజు చిన్న చుక్క పెట్టి, దానిలో ఒక కొసను అద్ది. వేడి బాగా పోతుందని అలా చేశాను. కుడి కొస గ్రీజులో ఉంది.

ఎక్స్‌రే_ఏకాంబరం
అయ్యో. 120 కెల్విన్ దగ్గర గ్రీజు రాయి అవుతుంది. మీరు స్ఫటికం కుడి కాలికి సంకెల వేసి నడవమన్నారు. ఎడమ మూలలో మొదలైందని, పగిలిందని ఆశ్చర్యపోతున్నారు.

పారిస్_చలి
ఏకాంబరంగారు చెప్పింది అక్షరాలా నిజం. స్వేచ్ఛగా ఉన్న మూల నుంచి మొదలైంది, కట్టేసిన కొస వైపే పగిలి ఉండాలి. పగిలింది ఏ వైపు?

చలిగది_శారద
కుడి వైపు. మూడో వంతు దగ్గర. మూడు వారాలు నేను దీన్ని తలకెత్తుకున్నాను, మీరు మూడు పోస్టుల్లో తేల్చారు.

ఎక్స్‌రే_ఏకాంబరం
అంతా తేలిపోయిందనుకోకండి. గ్రీజు లేకున్నా ఈ పదార్థం మంచి ప్రవర్తన గలది కాదు. దీని మీద 2004లో ఫ్రాన్స్‌లో పియే, లెకోంత్ బృందం ఒకే స్ఫటికంతో ఎక్స్‌రే పని చేసింది. మార్పు జరిగే వేళ వివర్తన చుక్కలు (స్ఫటికం చెదరగొట్టిన ఎక్స్‌రేలు పడే చోట్లు) ఒక చోటు నుంచి మరో చోటుకు మెల్లగా జరగలేదు. రెండుగా చీలాయి. పాత చుక్క వెలవెలబోతూ, పక్కన కొత్త చుక్క వెలుగుతూ. అంటే లావు జాలకం (అణువుల అల్లిక), సన్న జాలకం ఒకే స్ఫటికంలో పక్కపక్కన కాపురం చేస్తున్నాయి, నడుమ రకం లేదు. మార్పు మెల్లగా సాగే పదార్థాల్లో అయితే ఒకే చుక్క మెల్లగా జరుగుతుంది, అక్కడ అణువులు తలో చోట చెదురుమదురుగా మారుతున్నాయని అర్థం.

ఒక మాటలో మాత్రం పారిస్ చలిగారితో విభేదిస్తాను. ఎప్పుడూ ఒకే హద్దు, ఎప్పుడూ మూల నుంచే అని పిల్లలకు నూరిపోయకండి. నా చేతికి వచ్చే స్ఫటికాలు మీ సూక్ష్మదర్శిని కింద పెట్టుకునే అందగత్తెలు కావు. లోపల పగుళ్ళు, జంట స్ఫటికాలు, చిక్కుకున్న ద్రావణి. ప్రతి పగులూ లోపలి మూలే. అక్కడ కూడా ముడులు తక్కువే కదా, మీ ఉపమానం ప్రకారమే.

పారిస్_చలి
ఒప్పుకున్నాను. మూల అని కాకుండా "ముడులు తక్కువగా ఉన్న చోటు" అని రాసి ఉండాల్సింది. పరిశీలకుడు చెప్పిన గతుకులు కూడా బహుశా అక్కడివే. కొన్ని వందల స్ఫటికాలను కలిపి కొలిస్తే గతుకులు ఒకదాని మీద ఒకటి పడి మెట్టు నునుపవుతుంది. కొద్ది స్ఫటికాలే ఉంటే ప్రతి ఆగడమూ, ప్రతి గంతూ కనిపిస్తుంది.

ఊరగాయ_ప్రియుడు
"హద్దు, హద్దు" అని ఇందాకటి నుంచి అంటున్నారు. దానికి మంచి పేరు పెట్టండి. పొలిమేర అందాం.

రసాయనం_మాస్టారు
పొలిమేర కదలదు నాయనా. అందుకే అది పొలిమేర.

ఊరగాయ_ప్రియుడు
మా ఊళ్ళో ఏటేటా పక్క రైతు పొలం వైపు కదులుతుంది. కావాలంటే వచ్చి చూడండి.

లెక్కల_మనిషి
పొలిమేర ఖాయం. నెమ్మదిగా కదులుతుంది, రాళ్ళ దగ్గర ఆగుతుంది, రెండు వైపులా గొడవ ఉంటుంది. ఇంతకన్నా సరైన పేరు దొరకదు.

డిగ్రీ_రెండో_ఏడు
నా చిన్న బుర్రకు ఒకటి అర్థం కాలేదు. పోయేటప్పుడు 123, వచ్చేటప్పుడు 144 ఎందుకు? పుస్తకంలో అణువుల మధ్య "సహకారం" అని రాసి వదిలేశారు.

లెక్కల_మనిషి
దానికి 1972లో స్లిక్టర్, డ్రికమర్ ఒక సులువైన లెక్క ఇచ్చారు. ప్రతి అణువుకూ ఊళ్ళో అందరూ ఎటు మొగ్గారన్న సగటు సంఖ్య మాత్రమే తెలుసు అనుకోండి. పక్కవాడు, దూరపువాడు అన్న తేడా లేదు. ఊరి మాట బలం గామా అనే ఒక సంఖ్య. సగం అణువులు మారే ఉష్ణోగ్రతను వాయు స్థిరాంకంతో గుణించి రెట్టింపు చేస్తే వచ్చేదాని కన్నా గామా పెద్దదైతే హిస్టరిసిస్ వస్తుంది. 130 కెల్విన్ దగ్గర ఆ గీటురాయి మోలుకు 2.2 కిలోజౌళ్ళు. దాని కన్నా బలమైన ఊరిమాట ఉంటే, మారాల్సిన వేళ దాటినా ఊరు పాత స్థితిలోనే మొండికేస్తుంది. ఆపైన ఒక్కసారిగా తిరగబడుతుంది.

అయితే ఆ లెక్కలో ఊరికి పటం లేదు. మూల లేదు, నడుమ లేదు, పొలిమేర లేదు. మెట్టు ఎంత వెడల్పో చెబుతుంది, మెట్టు ఎక్కడ మొదలైందో చెప్పదు. శారదగారి పాఠ్యపుస్తకంలో ఉన్న వంపుగీత దీని బిడ్డే. అందుకే ఆమెకు జవాబు దొరకలేదు.

పారిస్_చలి
పటం గీసినవాళ్ళు తరువాత వచ్చారు. 2007లో జపాన్‌కు చెందిన నిషినో, మియాషితా, వెర్సాయ్‌లోని బుఖద్దాదెన్ కలిసి అణువులను బంతులుగా, బంధాలను స్ప్రింగులుగా పెట్టి ఒక నమూనా చేశారు. బంతి స్పిన్ మారితే వ్యాసార్థం మారుతుంది, స్ప్రింగులు బిగుస్తాయి. అంతే, వేరే "సహకారం" అన్న మాయ పదం పెట్టలేదు. హిస్టరిసిస్ దానంతట అదే వచ్చింది. రుమేనియాలోని యాష్ నగరంలో ఎనాకెస్కు బృందం కూడా ఇదే దారిలో చాలా పని చేసింది.

ఈ నమూనాల్లో నాకు ముచ్చటైన సంగతి: స్ఫటికానికి అంచులే లేకుండా, కుడి అంచును ఎడమ అంచుకు అతికించి లెక్క కడితే మచ్చలు పుట్టవు. ఎక్కడ చూసినా సమానంగా చెదురుమదురు మార్పే. ఒక చిన్న గుంపు మారినా దాని బిగువు దూరదూరాలకు పాకిపోతుంది కనుక గుంపు కట్టడం లాభసాటి కాదు. అంచులు విప్పి వదిలేస్తే మాత్రం మూలల నుంచి మచ్చలు మొదలవుతాయి. అంటే స్లిక్టర్, డ్రికమర్‌ల పటం లేని ఊరు పూర్తిగా తప్పు కాదు, అంచులు లేని ఊరు అది.

తొందర_తిమ్మయ్య
ఇదంతా పేకముక్కల వరుస పడిపోయినట్టు అనుకోవచ్చు కదా. ఒక్క వాక్యంలో అయిపోతుంది.

లెక్కల_మనిషి
అనుకోకూడదు. పేకముక్క పక్కదాన్నే తాకుతుంది. ఇక్కడ లాగుడు దూరందాకా పోతుంది. పైగా పడిన ముక్క తనంతట లేవదు, ఇది లేస్తుంది. లెక్క ప్రకారం మీది ఒక్క వాక్యమే, దానికి రెండు తప్పులు.

రాళ్ళపిచ్చి
పక్కదారి పట్టిస్తున్నందుకు తిట్టుకోండి. ఇదే ఇనుము భూమి లోపల కూడా ఇదే పని చేస్తోంది. దిగువ మాంటిల్‌లో ఫెర్రోపెరిక్లేజ్ అనే ఖనిజంలో ఇనుము 60 నుంచి 70 గిగాపాస్కల్ పీడనం దగ్గర అధిక స్పిన్ నుంచి అల్ప స్పిన్‌కు పోతుందని 2003లో బద్రో బృందం చూపింది. పీడనం పెరిగితే సన్నటివాడికే లాభం, మీ కండువాల కథలాగే.

ఎక్స్‌రే_ఏకాంబరం
బాగుంది, కానీ అక్కడ ఇనుము మెగ్నీషియం మధ్య పలుచగా ఉంటుంది, పొలిమేర కట్టదు. మెల్లగా జరిగే చుక్క రకం అది.

నాడి_చూసేవాడు
వైద్యుణ్ణి, మీ లెక్కలు నాకు రావు. అయినా హీమోగ్లోబిన్‌లో ఇనుము ఆక్సిజన్ పట్టుకోగానే అధిక స్పిన్ నుంచి అల్ప స్పిన్‌కు మారి, సన్నబడి, తనను పట్టి ఉంచే చదునైన హీమ్ అణువు తలంలోకి జారుతుందని చదివిన గుర్తు. ఒకటి పట్టుకుంటే మిగిలిన మూడింటికి తేలికవుతుంది. అంటే మన ఒంట్లో నలుగురు కూర్చున్న బంతి ఒకటి ఉంది.

ఊరగాయ_ప్రియుడు
నలుగురే అయితే అందరూ మూలనే ఉన్నట్టు. నెయ్యి ఎవరికీ అందదు.

నిర్వాహకుడు
నెయ్యి చర్చకు వేరే విభాగం ఉంది.

తొందర_తిమ్మయ్య
ఇంత చెప్పారు, దీనివల్ల ప్రయోజనం ఏమిటి?

రసాయనం_మాస్టారు
1998లో కాన్, మార్టినెజ్ జ్ఞాపక పరికరాలకు వాడవచ్చని రాశారు. ట్రయజోల్ గొలుసు సమ్మేళనాల్లో గది వేడి కన్నా పైన, 40 కెల్విన్ల వెడల్పున్న హిస్టరిసిస్ ఉంది. ఒకే ఉష్ణోగ్రతలో ఊదాగానూ ఉండవచ్చు, తెల్లగానూ ఉండవచ్చు, ముందు వేడి చేశామా చల్లార్చామా అన్నది దానికి గుర్తుంటుంది. అప్పటి నుంచి ప్రతి వ్యాసం మొదటి పేరాలో ఈ మాట రాస్తూనే ఉన్నారు. నా చేతిలోని ఫోనులో మాత్రం ఇంకా సిలికానే.

పారిస్_చలి
మాస్టారి వెటకారం చెల్లుతుంది. కానీ పగలని పదార్థాలూ ఉన్నాయి. తూలూజ్‌లో బుసెక్సూ బృందం ట్రయజోల్ బోరేట్‌తో కూడిన ఇనుము పొరలను కోటి సార్లకు పైగా అటూ ఇటూ మార్చి, అలసట కనిపించలేదని చూపింది. 60 డిగ్రీల సెల్సియస్ దాటాక మారే పదార్థం అది. లావు, సన్నం అయ్యే గుణంతో చిన్న కండరాలలాంటివి చేయాలన్నది వాళ్ళ ఆలోచన. జ్ఞాపకం కన్నా నాకు ఇదే నమ్మకంగా కనిపిస్తోంది.

లెక్కల_మనిషి
నత్త గురించి చివరిగా ఒకటి. పొలిమేర నెమ్మది అని స్ఫటికం ఎప్పుడూ నెమ్మదే అనుకోకండి. 2016లో ఫ్రాన్స్‌లోని రెన్ నగరపు బృందం చిన్న లేజర్ దెబ్బతో కొట్టి చూసింది. వెలుతురు తగిలిన అణువులు పికోసెకన్లలోనే లావెక్కుతాయి. ఆ లావు లోపల పీడనమై, నానోసెకన్లలో స్ఫటికం ఉబ్బుతుంది. ఆ ఉబ్బుకు మరికొన్ని అణువులు, వెలుతురు తగలకపోయినా, మారిపోతాయి. వేడి తీరిగ్గా మైక్రోసెకన్లలో వస్తుంది. అంటే మాస్టారి వేడి, పారిస్ చలిగారి బిగువు రెండూ అక్కడ విడివిడిగా, తలో వేళకు, కళ్ళముందు కనబడతాయి. మన కేసులో అవి కలిసిపోయాయి.

రసాయనం_మాస్టారు
చూశారా, వేడి ఉంది. ఆఖరున వచ్చినా వచ్చింది.

పారిస్_చలి
శారదగారూ, మళ్ళీ చేస్తే రెండు పనులు చేయండి. గ్రీజు మానేయండి, ఊరికే గాజు మీద పడుకోబెట్టండి. రెండవది, సూక్ష్మదర్శిని దీపం వెలుతురు తగ్గించండి. ఊదా భాగం వెలుతురును ఎక్కువగా పీల్చుకుంటుంది, అక్కడ స్ఫటికం పీఠం కన్నా వెచ్చగా ఉంటుంది. ఈ గుణాన్నే వాడుకొని వెర్సాయ్‌లో 2013లో దీపాన్ని పెంచుతూ తగ్గిస్తూ పొలిమేరను ఆపారు, వెనక్కి నడిపించారు. అది ఇరుకు హిస్టరిసిస్ ఉన్న వేరే పదార్థం. మీ దానికి 21 కెల్విన్ల మొండితనం ఉంది, వెనక్కి రాకపోవచ్చు. ఆగుతుందేమో చూడండి.

చలిగది_శారద
తొమ్మిది రోజుల తరువాత వస్తున్నాను. కొత్త స్ఫటికం, గ్రీజు లేదు, దీపం సగానికి తగ్గించాను.

మార్పు మొదలయ్యే ఉష్ణోగ్రత పీఠం లెక్కలో 2 కెల్విన్లు పైకి జరిగింది. అంటే ఇన్నాళ్ళూ దీపమే నా స్ఫటికాన్ని వెచ్చబెడుతోంది, నేను రాసుకున్న అంకెలన్నీ ఆ మేరకు తప్పు. మాస్టారికి ఇది కానుక. మొదలైంది ఈసారి కుడి కింది మూలలో. మూడుసార్లు అటూ ఇటూ తిప్పాను, పగలలేదు. నాలుగోసారి సన్నని గీత పడింది, ముక్కలు మాత్రం కాలేదు.

పొలిమేర మూడుసార్లూ ఒకే చోట ఆగింది. వెలుతురు పక్క నుంచి వేసి చూస్తే అక్కడ గీరు ఉంది, బహుశా నేను సూదితో ఎత్తినప్పుడు పడింది. నడుమన దీపం పెంచితే పొలిమేర నిలిచిపోయింది. తగ్గిస్తే కదిలింది. వెనక్కి మాత్రం రాలేదు, మీరు అన్నట్టే.

పరిశీలకుడికి గతుకులు సవరించకుండా, వాటి పక్కన ఈ బొమ్మలు పెట్టి పంపుతున్నాను.

రసాయనం_మాస్టారు
2 కెల్విన్లు! గెలుపు నాదే.

లెక్కల_మనిషి
అది గుప్తోష్ణం కాదు మాస్టారూ, దీపం వేడి.

రసాయనం_మాస్టారు
వేడి వేడే.

ఎక్స్‌రే_ఏకాంబరం
బొమ్మల్లో పొలిమేర నిటారుగా ఉందా, వాలుగా ఉందా? వాలితే ఏ అక్షంతో ఎంత కోణం? రెండు జాలకాలూ తక్కువ ఇబ్బందితో అతుక్కునే తలాన్ని అదే ఎంచుకుంటుంది. కోణం తెలిస్తే జాలకం కొలతలతో పోల్చి చూడవచ్చు.

చలిగది_శారద
వాలుగానే ఉంది, మూడుసార్లూ ఒకేలా. కోణం కొలవలేదు. అక్షాలు కూడా గుర్తించలేదు. స్ఫటికం ఇంకా పీఠం మీదే ఉంది, రేపు మీకు పంపితే ఎక్స్‌రే తీస్తారా?

ఎక్స్‌రే_ఏకాంబరం
పంపండి. సూదితో ఎత్తకండి.